మందుల కౌంటర్‌కు లోపలివైపు

అమెరికాలో మందుల షాపు కౌంటర్ వెనక కనబడేవాళ్లంతా ఫార్మసిస్టులు కారు. చాలా షాపుల్లో ఒక సమయంలో ఫార్మసిస్టు ఒక్కరే ఉంటారు. డాక్టర్ పంపిన ప్రిస్క్రిప్షన్‌ను కంప్యూటర్‌లోకి ఎక్కించడం, ఇన్సూరెన్స్ కంపెనీతో తేల్చుకోవడం, మాత్రలు లెక్కపెట్టి డబ్బాలో పోయడం, లేబుల్ అంటించడం, డబ్బు తీసుకుని సంచి చేతికివ్వడం, ఇదంతా ఎక్కువగా టెక్నీషియన్లు చేసే పని. ఫార్మసిస్టు దాన్నంతా సరిచూసి, రోగికి చెప్పవలసింది చెప్తారు. ఈ అధ్యాయం ఆ టెక్నీషియన్ చదువు గురించి. పిల్లలు బడికెళ్లడం మొదలయ్యాక, చేతికి వర్క్ పర్మిట్ వచ్చాక, ‘ఇప్పుడు నేనేం చేయగలను’ అని డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఆలోచిస్తున్న మనవాళ్లను, ముఖ్యంగా ఆడవాళ్లను, దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. నేను కూడా టెక్సస్‌లో ఒక కమ్యూనిటీ కాలేజీలో చదువుకునే ఈ పనిలోకి వచ్చాను.

నన్ను అడిగేవాళ్లలో బి.ఫార్మసీ చదివినవాళ్లే ఎక్కువ. వాళ్ల మొదటి ప్రశ్న ఒకటే: ‘నాలుగేళ్లు ఫార్మసీ చదివాను కదా అక్కా, మళ్లీ టెక్నీషియన్ కోర్సేంటి?’ దీనికి సూటిగా జవాబు చెప్పాలి. ఇక్కడ ఫార్మసిస్టు కావాలంటే ఫార్మ్.డి. ఉండాలి. విదేశాల్లో చదివి వచ్చినవాళ్లకు నేషనల్ అసోసియేషన్ ఆఫ్ బోర్డ్స్ ఆఫ్ ఫార్మసీ వేరే దారి ఒకటి పెట్టింది. కానీ 2003 జనవరి 1 తర్వాత పట్టా పుచ్చుకున్నవాళ్లయితే కనీసం ఐదేళ్ల ఫార్మసీ కోర్సు చేసి ఉండాలన్నది దానికి షరతు. మన నాలుగేళ్ల బి.ఫార్మసీ ఆ షరతు దగ్గరే ఆగిపోతుంది. మన దేశంలో 2008లో మొదలైన ఆరేళ్ల ఫార్మ్.డి. చదివినవాళ్లకు ఆ దారి తెరిచే ఉంది. మీరు ఆ రెండో కోవకు చెందితే ఈ అధ్యాయం పక్కన పెట్టి ముందు ఆ ప్రయత్నం చేయండి. మొదటి కోవకు చెందితే మాత్రం ఒక మాట చెప్తాను. టెక్నీషియన్ పని ఫార్మసిస్టు పనిలో చిన్న ముక్క అనుకుని రాకండి. దీని క్రమశిక్షణ దీనిదే. మీ బి.ఫార్మసీ దీనికి చాలాచోట్ల సాయపడుతుంది, ఒక్కచోట అడ్డుపడుతుంది. ఆ ఒక్కచోటే అసలైనది, దాని గురించి తర్వాత వివరంగా చెప్తాను.

ఫార్మసీ ఊసే తెలియనివాళ్లూ ఈ కోర్సులో చేరవచ్చు. హైస్కూల్ చదువు పూర్తయినట్టు రుజువు చాలు. మన ఇంటర్మీడియట్ మార్కుల జాబితాను ఇక్కడి చదువుతో పోల్చి ధ్రువపరిచే సంస్థలు ఉన్నాయి. కాలేజీ ఏ సంస్థ పత్రాన్ని ఒప్పుకుంటుందో ముందే అడిగి, దానికే డబ్బు కట్టండి. హెచ్-4 వీసా మీద ఉన్నవాళ్లు చదువుకోవచ్చు గానీ, వర్క్ పర్మిట్ లేకుండా పనిచేయకూడదు. భర్త లేదా భార్య గ్రీన్‌కార్డు దరఖాస్తులో ఐ-140 ఆమోదం పొందితే హెచ్-4 మీద ఉన్నవాళ్లకు వర్క్ పర్మిట్ ఇచ్చే నిబంధన 2015లో వచ్చింది. పర్మిట్ చేతికి రాకముందే కోర్సులో చేరదలిస్తే, చివర్లో నిజమైన ఫార్మసీలో చేసే ఎక్స్‌టర్న్‌షిప్ గురించీ, రాష్ట్ర ఫార్మసీ బోర్డులో నమోదు గురించీ ముందే కనుక్కోండి. ఫీజు కట్టాక తెలుసుకుంటే ప్రయోజనం లేదు. హెపటైటిస్-బి, ఎంఎంఆర్ టీకాల రికార్డు, టీబీ పరీక్ష, నేరచరిత్ర తనిఖీ, మాదకద్రవ్యాల పరీక్ష కూడా అడుగుతారు. చిన్నప్పటి టీకా కార్డు మనలో చాలామంది దగ్గర ఉండదు. రక్తపరీక్షతో రోగనిరోధక శక్తి ఉన్నట్టు చూపించవచ్చు, లేకపోతే టీకాలు మళ్లీ వేయించుకోవాలి. హెపటైటిస్-బి వరుస పూర్తి కావడానికి నెలలు పడుతుంది కాబట్టి దరఖాస్తు పెట్టిన వారమే ఈ పని మొదలుపెట్టండి.

కోర్సుల్లో రకాలున్నాయి. కమ్యూనిటీ కాలేజీల్లో కొన్ని కంటిన్యూయింగ్ ఎడ్యుకేషన్ విభాగం కింద కొద్ది నెలల్లో ముగిసేవి, కొన్ని క్రెడిట్లు ఇచ్చే సర్టిఫికెట్ కోర్సులు. హాస్పిటల్ ఫార్మసిస్టుల సంఘమైన ఏఎస్‌హెచ్‌పీ, ఫార్మసీ విద్యను తూచే ఏసీపీఈ కలిసి ఈ కోర్సులకు గుర్తింపు ఇస్తాయి. వాళ్ల ప్రమాణాల ప్రకారం ప్రవేశస్థాయి కోర్సు కనీసం 400 గంటలు, పైస్థాయి కోర్సు కనీసం 600 గంటలు ఉండాలి. ఆ గంటల్లో తరగతి పాఠం, ల్యాబు, బయట నిజమైన ఫార్మసీలో పని, మూడూ ఉంటాయి. చేరేముందు కాలేజీ వాళ్లను రెండే ప్రశ్నలు అడగండి. ఈ కోర్సును టెక్నీషియన్ల సర్టిఫికేషన్ పరీక్ష పెట్టే పీటీసీబీ గుర్తించిందా? ఎక్స్‌టర్న్‌షిప్ చోటు మీరు చూపిస్తారా, నన్నే వెతుక్కోమంటారా? రెండో ప్రశ్నకు జవాబు తడబడితే ఆ కోర్సు నాకైతే వద్దు. పాఠాలు ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లోనూ చదవొచ్చు. మాత్రల పళ్లెం ముందు నిలబడి నేర్చుకునేది మాత్రం ఇంట్లో దొరకదు. ఫీజు విషయంలో కమ్యూనిటీ కాలేజీకి సాటి లేదు, అందులోనూ ఆ కాలేజీ పరిధిలో నివాసం ఉన్నట్టు చూపించగలిగితే ఇంకా తగ్గుతుంది. ప్రైవేటు శిక్షణ సంస్థల ప్రకటనలు ఎంత అందంగా ఉన్నా, ముందు మీ ఊరి కమ్యూనిటీ కాలేజీ తలుపు తట్టండి.

ఇంత చదువు దేనికి, లెక్కపెట్టి డబ్బాలో పోయడమే కదా అనేవాళ్లకు నేను ఎమిలీ జెర్రీ సంగతి చెప్తాను. 2006లో ఒహాయో రాష్ట్రం క్లీవ్‌లాండ్‌లో రెండేళ్ల ఎమిలీ క్యాన్సర్ చికిత్స చివరి దశలో ఉంది. కణితి తగ్గిపోయింది. చివరి విడత కీమోథెరపీ మందును ఉప్పు ద్రావణంలో కలపాలి. ఆ ద్రావణంలో ఉప్పు ఒక్క శాతానికి లోపే ఉండాలి. హాస్పిటల్ ఫార్మసీలో టెక్నీషియన్ 23.4 శాతం గాఢత ఉన్న ఉప్పునీటితో దాన్ని తయారుచేసింది. సరిచూడవలసిన ఫార్మసిస్టు ఆ తప్పును పట్టుకోలేదు. పాప చనిపోయింది. ఫార్మసిస్టుకు ఆరు నెలల జైలుశిక్ష పడింది. అప్పటికి ఒహాయోలో టెక్నీషియన్‌కు ఫలానా శిక్షణ ఉండి తీరాలన్న చట్టమే లేదు. పాప తండ్రి క్రిస్టఫర్ జెర్రీ ఆ తర్వాత తన జీవితాన్ని ఈ విషయానికే ఇచ్చారు. ఎమిలీ పేరు మీద ఒహాయోలో 2009లో చట్టం వచ్చింది. మీరు కట్టే ఫీజుకూ, కూర్చునే ఆ 400 గంటలకూ అర్థమేమిటో ఆ పాప కథ చెప్తుంది. తరగతిలో దశాంశ బిందువుల దగ్గర విసుగు పుట్టినప్పుడు ఇది గుర్తుంచుకోండి.

ఇక పాఠాల్లోకి వద్దాం. మొదటి నెలలో అందరినీ భయపెట్టేది మందుల పేర్లు. ఎక్కువగా రాసే రెండు వందల మందుల జాబితా ఒకటి చేతికిస్తారు. ప్రతి మందుకూ జెనరిక్ పేరు, బ్రాండ్ పేరు, అది దేనికి వాడతారో రావాలి. వరసగా బట్టీపట్టకండి. పేరు చివరి ముక్క పట్టుకోండి. ‘ప్రిల్’ అని ముగిసేవి, అంటే లిసినోప్రిల్, ఎనలాప్రిల్ వంటివి, ఒక రకం బీపీ మందులు. ‘సార్టాన్’ అని ముగిసేవి ఇంకో రకం బీపీ మందులు. ‘ఓలాల్’ అంటే బీటా బ్లాకర్లు, ‘స్టాటిన్’ అంటే కొలెస్ట్రాల్‌కు, ‘ప్రజోల్’ అంటే కడుపులో ఆమ్లానికి, ‘గ్లిప్టిన్’ అంటే షుగర్‌కు. మన ఇళ్లలో అమ్మానాన్నల మందుల డబ్బా ఒకసారి తెరిచి చూడండి. టెల్మిసార్టాన్, అటోర్వాస్టాటిన్, పాంటాప్రజోల్ అక్కడే ఉంటాయి. సగం మందుల కుటుంబాలు మీకు ఇప్పటికే పరిచయం.

కొన్ని పేర్లు మాత్రం మళ్లీ నేర్చుకోవాలి. మన పారాసెటమాల్ ఇక్కడ ఎసిటమినోఫెన్. సాల్బుటమాల్ ఇక్కడ అల్బ్యూటరాల్. అడ్రినలిన్ ఎపినెఫ్రిన్ అవుతుంది, గ్లిబెన్‌క్లమైడ్ గ్లైబురైడ్ అవుతుంది, రిఫాంపిసిన్ రిఫాంపిన్ అవుతుంది. ఊరి నుంచి వచ్చిన అత్తగారు డోలో కావాలని కౌంటర్ దగ్గర అడిగితే ఆ సంగతి అర్థం చేసుకుని ఫార్మసిస్టుకు చేరవేయగలిగేది మీరే. ఆ రకంగా మీ రెండు దేశాల పరిచయం ఆ షాపుకు ఆస్తి.

ఒకేలా వినిపించే పేర్లతోనే అసలు ప్రమాదం. హైడ్రలజీన్ బీపీకి, హైడ్రాక్సిజీన్ అలర్జీకీ ఆందోళనకూ. రెండింటి పేర్లూ ఒకేలా మొదలవుతాయి, రెండూ 10, 25, 50 మిల్లీగ్రాముల మాత్రలుగా వస్తాయి, అక్షరక్రమంలో పెడితే అలమారలో పక్కపక్కనే చేరతాయి. అందుకే అమెరికాలో ఇలాంటి జంటల పేర్లలో తేడా ఉన్న అక్షరాలను మాత్రమే పెద్దవిగా అచ్చువేస్తారు. మీ కన్ను ఆ పెద్ద అక్షరాల మీద ఆగే అలవాటు చేసుకోవాలి. చేతితో సీసా అందుకున్నప్పుడు ఒకసారి, మాత్రలు పోస్తున్నప్పుడు ఒకసారి, సీసాను తిరిగి అలమారలో పెట్టేటప్పుడు ఒకసారి పేరు చదవమని చెప్తారు. మూడోసారి చదవడం అనవసరమనిపిస్తుంది. అది మానకండి. వీటికి తోడు స్కానర్ ఉంది, ప్రతి ప్యాకెట్ మీదా మూడు భాగాల ఎన్‌డీసీ నంబరు ఉంటుంది. కంపెనీ ఏది, మందు ఏది, ప్యాకెట్ ఏది అన్నది ఆ మూడు భాగాలు చెప్తాయి. స్కానర్ ఉంది కదా అని కన్ను మూసుకోకూడదు.

మెథోట్రెక్సేట్ గురించి తెలుగువాళ్లకు ప్రత్యేకంగా చెప్పాలనిపిస్తుంది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు పైచదువుకు బోస్టన్ వచ్చారు. ఇక్కడ వైద్యం చేసే లైసెన్సు లేక, చదువుకుంటూనే హాస్పిటల్లో రాత్రిపూట నౌకరీ చేశారు. తర్వాత లెడర్లీ పరిశోధనశాలలో ఆయన బృందం చేసిన పనిలోంచి ఫోలిక్ ఆసిడ్ సంశ్లేషణ, దాన్ని అడ్డుకునే అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్ వచ్చాయి. ఇవాళ ప్రపంచమంతటా క్యాన్సర్‌కూ, కీళ్లవాతానికీ మెథోట్రెక్సేట్ వాడుతున్నారు. కీళ్లవాతానికి దాన్ని వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. రోజూ వేసుకున్నవాళ్లు ప్రాణాలు పోగొట్టుకున్నారు. కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడు ‘వారానికి’ బదులు ‘రోజుకు’ పడితే చాలు. అందుకని ఆ పేరు తెరమీద కనిపించిన ప్రతిసారీ చేతులు ఆగాలి. ఎన్నిసార్లు వేసుకోవాలని ఉందో, దేనికోసం ఉందో చూసి, ఏమాత్రం అనుమానమున్నా ఫార్మసిస్టును పిలవాలి. మన ఊరివాడు ప్రపంచానికిచ్చిన మందును సరిగ్గా అందించడం మన చేతుల్లోనూ ఉంది.

లెక్కల సంగతికి వస్తే, ఇవి ఎనిమిదో తరగతి స్థాయి దాటవు. భిన్నాలు, శాతాలు, అనుపాతం, అంతే. కష్టం ఎక్కడంటే తప్పు చేసే అవకాశం ఇవ్వకుండా చేయడంలో. ఒక ఉదాహరణ చూద్దాం. బిడ్డ బరువు 44 పౌండ్లు. అమాక్సిసిలిన్ కిలోకు రోజుకు 40 మిల్లీగ్రాముల చొప్పున, రెండు పూటలుగా, పది రోజులు ఇవ్వాలి. కిలోకు 2.2 పౌండ్లు కాబట్టి బరువు 20 కిలోలు. రోజుకు 800 మిల్లీగ్రాములు, పూటకు 400. షాపులో ఉన్న సిరప్‌లో 5 మిల్లీలీటర్లకు 400 మిల్లీగ్రాములు ఉంది. పూటకు 5 మిల్లీలీటర్లు, రోజుకు 10, మొత్తం 100 మిల్లీలీటర్లు. పౌండ్లను కిలోలు చేయడం మరిచిపోతే బిడ్డకు రెట్టింపు దాటి వెళ్తుంది. మనకు కిలోలే అలవాటు కాబట్టి, 44 అన్న అంకె చూడగానే కిలోలనుకునే ప్రమాదం మనకే ఎక్కువ.

ఇన్సులిన్ దగ్గరా అంతే. మన దేశంలో మిల్లీలీటర్‌కు 40 యూనిట్లుండే సీసాలు, వాటికి ఎర్రమూత సిరంజిలు ఇప్పటికీ వాడుకలో ఉన్నాయి. అమెరికాలో మామూలుగా వాడేది 100 యూనిట్లది. 3 మిల్లీలీటర్ల పెన్నులో 300 యూనిట్లు, ఐదు పెన్నుల పెట్టెలో 1,500. రోజుకు 40 యూనిట్లు వేసుకునే మనిషికి ఆ పెట్టె 37 రోజులొస్తుంది. ఈ ‘ఎన్ని రోజులొస్తుంది’ అన్న లెక్క తప్పితే ఇన్సూరెన్స్ కంపెనీ తర్వాతి పెట్టెను ఇవ్వనివ్వదు, రోగి మందు లేక కూర్చుంటాడు.

తేదీలు జాగ్రత్త. 04/07 అంటే మనకు జూలై నాలుగు, ఇక్కడ ఏప్రిల్ ఏడు. సంచి ఇచ్చేటప్పుడు పేరుతోపాటు పుట్టినతేదీ అడిగి సరిచూడాలి. అక్కడ నెల, రోజు తారుమారైతే ఒకరి మందు ఇంకొకరికి వెళ్లవచ్చు. ఎవరైనా పుట్టినతేదీ చెప్తున్నప్పుడు నెల పేరు పలికించండి, అంకె కాదు. దశాంశాల దగ్గర రెండు నియమాలు: ఒకటి తర్వాత బిందువూ సున్నా పెట్టకూడదు, ఎందుకంటే 1.0ని 10గా చదువుతారు. అర మిల్లీగ్రాము రాస్తే ముందు సున్నా పెట్టి తీరాలి, ఎందుకంటే .5ని 5గా చదువుతారు.

నాకు చాలా ఇష్టమైన చిన్న లెక్క ఒకటుంది. మత్తు కలిగించే నియంత్రిత మందులు రాసే ప్రతి డాక్టర్‌కూ డీఈఏ నంబరు ఉంటుంది, రెండు అక్షరాలు, ఏడు అంకెలు. ఉదాహరణకు ఆ ఏడు అంకెలు 1234563 అనుకుందాం. మొదటి, మూడో, ఐదో అంకెలు కూడితే 9. రెండో, నాలుగో, ఆరో అంకెలు కూడితే 12, దాన్ని రెట్టింపు చేస్తే 24. రెండూ కలిపితే 33. చివరి అంకె 3, నంబరులో ఏడో అంకె కూడా 3. సరిపోయింది. సరిపోకపోతే ఆ నంబరు దొంగదో, తప్పు పడిందో. సరిపోయినంత మాత్రాన నిజమని మాత్రం కాదు, ఈ సూత్రం తెలిసిన దొంగలూ ఉంటారు.

చట్టం పాఠం చప్పగా ఉంటుందని భయపడకండి, ప్రతి చట్టం వెనకా ఒక విషాదం ఉంటుంది. 1937లో సల్ఫనిలమైడ్ ద్రావణంలో విషపూరితమైన డైఎథిలిన్ గ్లైకాల్ కలిపి అమ్మడంతో వందమందికి పైగా చనిపోయారు. అందులోంచి 1938 చట్టం వచ్చింది. పిల్లలు తెరవలేని మూతలు 1970 చట్టం నుంచి. అదే ఏడాది వచ్చిన నియంత్రిత మందుల చట్టం ప్రకారం రెండో షెడ్యూలు మందులకు రీఫిల్ ఉండదు, మూడు, నాలుగు షెడ్యూళ్లకు ఆరు నెలల్లో ఐదు రీఫిల్స్ దాటకూడదు. ఇవి పరీక్షలో వస్తాయి, పనిలో రోజూ వస్తాయి.

1996 నాటి హిపా చట్టం దగ్గర మాత్రం ఆగి ఒక మాట చెప్పాలి. రోగి వివరాలు బయటపెట్టకూడదన్నది దాని సారం. మనవాళ్లు ఒకే కాలనీలో ఉంటారు, ఒకే గుడికెళ్తారు, ఒకే సంక్రాంతి విందుకొస్తారు. మీ కౌంటర్‌కు వచ్చినవాళ్లలో మీకు తెలిసినవాళ్లుంటారు. ఎవరు నిద్రమాత్రలు వాడుతున్నారో, ఎవరు సంతానం కోసం ఇంజెక్షన్లు తీసుకుంటున్నారో మీకు తెలుస్తుంది. ఆ సంగతి ఇంట్లో భర్తకూ చెప్పకూడదు. విందులో ఆ మనిషి ఎదురైతే ‘ఇప్పుడు ఎలా ఉంది వదినా’ అని ప్రేమగా కూడా అడగకూడదు, పక్కన నిలబడ్డవాళ్లకు అర్థమైపోతుంది. షాపులో వాళ్ల సంచి ఇచ్చేటప్పుడు గొంతు తగ్గించండి, తెలుగులో మాట్లాడినా సరే. ఆ వరసలో వెనక నిలబడ్డవాళ్లకూ తెలుగు వచ్చి ఉండవచ్చు.

ల్యాబులో మొదటి రోజు పళ్లెం, గరిటె చేతికిస్తారు. మాత్రలను ఐదేసి చొప్పున పక్కకు జరుపుతూ లెక్కపెట్టాలి. పెన్సిలిన్ మాత్రలకు పళ్లెం వేరుగా ఉంచుతారు, దాని పొడి అంటిన పళ్లెంలో ఇంకో మందు లెక్కపెడితే అలర్జీ ఉన్నవాళ్లకు ప్రమాదం కాబట్టి. హాస్పిటల్ వైపు వెళ్లాలనుకుంటే సూదిమందులు కలిపే శుభ్రగది పాఠం మీకు ప్రాణం. గాలిని వడపోసి ఒకే దిశలో పంపే హుడ్ కింద, అంచు నుంచి ఆరంగుళాలు లోపల, మందుకూ గాలికీ మధ్య చేయి అడ్డురాకుండా పనిచేయాలి. ఆ గదిలోకి వెళ్లేముందు గాజులు, ఉంగరాలు, ముక్కుపుడక, మెడలోవి తీయాలి. పౌడరు, కాటుక, కుంకుమ, స్టిక్కరు బొట్టు ఏదీ ఉండకూడదు, గోళ్లరంగు కూడా. ఇది అక్కడి శుభ్రతా ప్రమాణం, ఎవరి ఆచారాన్నీ వేలెత్తి చూపడం కాదు. నాతో చదివిన ఒక కరీంనగర్ అమ్మాయికి మంగళసూత్రం తీయడం మనసుకు పట్టలేదు. ఆమె అత్తగారితో మాట్లాడుకుంది. ‘లోపల రోగి పిల్లాడైతే వాడి ప్రాణం ముఖ్యం, తీసి పర్సులో పెట్టుకో బిడ్డా’ అన్నదట ఆవిడ. మీకూ అలాంటి ఇబ్బంది ఉంటే కోర్సు మొదట్లోనే ఇంట్లో మాట్లాడండి, ల్యాబు గుమ్మం దగ్గర కాదు.

ఇప్పుడు బి.ఫార్మసీ అడ్డుపడే చోటు గురించి. మన ఊళ్లో మెడికల్ షాపుకు వెళ్లి దగ్గుకు ఏదైనా ఇవ్వన్నా అంటే, కౌంటర్ దగ్గరి మనిషి ఇస్తాడు, ఎన్ని పూటలు వేసుకోవాలో చెప్తాడు. మనం అది చూసి పెరిగాం. అమెరికాలో టెక్నీషియన్ అది చేయకూడదు. మందు ఎలా వాడాలి, దేనితో కలిపి వాడవచ్చు, ఏ దగ్గు సిరప్ మంచిది, ఇవన్నీ ఫార్మసిస్టు మాత్రమే చెప్పాలి. మీకు జవాబు తెలిసినా, నూటికి నూరుపాళ్లు ఖాయంగా తెలిసినా.

ఎక్స్‌టర్న్‌షిప్‌లో ఇది ఎలా ఎదురవుతుందో చూడండి. కొడుకు దగ్గరికి వచ్చిన ఒక పెద్దాయన మీ పేరు చదివి, తెలుగమ్మాయని గుర్తుపట్టి అడుగుతారు: ‘అమ్మా, ఈ బీపీ గోళీ పొద్దున వేసుకోవాలా, రాత్రా?’ మీకు తెలుసు. ఆయనకు ఇంగ్లిషు సరిగా రాదని కూడా తెలుసు. అయినా మీరు అనవలసింది: ‘బాబాయిగారూ, ఇది ఫార్మసిస్టుగారే చెప్పాలి. ఒక్క నిమిషం, పిలుస్తాను.’ అనువాదకులను ఫోన్లో కలిపే సేవ షాపులో ఉంటే దాన్నే వాడమని ఫార్మసిస్టును అడగండి. మీ చేతే తెలుగులో చెప్పిస్తే, ఫార్మసిస్టు అన్న మాటే చెప్పండి, మీ మాట ఒక్కటీ కలపకండి. ఆ పెద్దాయన కిడ్నీ సంగతి, ఆయన వాడే ఇంకో నాలుగు మందుల సంగతి ఫార్మసిస్టు ముందున్న తెరమీద ఉంది. మీ జ్ఞాపకంలో ఉన్నది పాఠ్యపుస్తకం మాత్రమే. తెలిసినా ఆగడం ఈ వృత్తిలో అన్నిటికన్నా పెద్ద నైపుణ్యమని నేను నమ్ముతాను. చదువు ఎక్కువైనవాళ్లకే అది కష్టం, ఎందుకంటే ఆగిన ప్రతిసారీ తమను తాము తగ్గించుకున్నట్టు వాళ్లకు అనిపిస్తుంది. ఆ అనిపించడం మొదటి కొన్ని వారాలుంటుంది. ‘మీరు పిలిచారు కాబట్టి పట్టుకోగలిగాను’ అని ఫార్మసిస్టు ఒక్కసారి అన్నాక అది పోతుంది.

ఎక్స్‌టర్న్‌షిప్‌లో మీకు ఎక్కువ సమయం పట్టేది మందులు కాదు, ఇన్సూరెన్స్. కార్డు మీద బిన్ నంబరు, పీసీఎన్, గ్రూపు నంబరు ఎక్కడుంటాయో చూడగానే తెలియాలి. ‘ఇంకా రీఫిల్ సమయం కాలేదు’, ‘ముందస్తు అనుమతి కావాలి’ అంటూ తిరస్కరణలు వస్తాయి. మందు దొరకని రోగి కోపం కంపెనీ మీదైనా, ఎదురుగా ఉన్నది మీరు కాబట్టి మీ మీదే పడుతుంది. అలాంటప్పుడు క్షమాపణలు గుప్పించడం కన్నా, తర్వాత ఏం జరుగుతుందో స్పష్టంగా చెప్పడం మేలు: డాక్టర్ ఆఫీసుకు ఇప్పుడే పంపాం, జవాబు రాగానే ఫోన్ చేస్తాం. అని ఊరుకోకుండా నిజంగా ఫోన్ చేయండి. యాస గురించి బెంగపడేవాళ్లకు ఒక చిన్న సాధన: రోజుకు పది మందుల పేర్లు ఉచ్చారణ విని, పైకి పలకండి. ఫోన్లో అక్షరాలు చెప్పేటప్పుడు ప్రతి అక్షరానికీ ఒక మాట జోడించి చెప్పడం, బి ఫర్ బాయ్ అన్నట్టు, ఇక్కడ అందరూ చేసేదే.

కోర్సు పూర్తయ్యాక పరీక్ష. ఎక్కువమంది రాసేది 1995లో ఏర్పడిన పీటీసీబీ పరీక్ష. 90 ప్రశ్నలు, అందులో 80 మార్కులకు లెక్కలోకి వస్తాయి, మిగతా పది ఏవో మీకు తెలియదు. గంటా యాభై నిమిషాలు. 1,000 నుంచి 1,600 వరకు ఉండే కొలతలో 1,400 వస్తే పాస్. రుసుము 129 డాలర్లు. మందుల మీద ప్రశ్నలకే పెద్దవాటా, కానీ నేను చూసినంతలో తప్పినవాళ్లు రోగి భద్రత, చట్టం ప్రశ్నల దగ్గరే జారిపోయారు. అవి తేలికనుకుని చివరికి వదిలేయడమే కారణం. ఎక్స్‌టర్న్‌షిప్ ముగిసిన నెలలోపే పరీక్ష రాసేయండి, ఆలస్యమైన కొద్దీ మరుపు పెరుగుతుంది. టెక్సస్‌లో అయితే ముందు ట్రైనీగా నమోదై పనిచేయవచ్చు. ఆ నమోదు రెండేళ్లే, పొడిగించరు. ఆలోగా సర్టిఫికేషన్ తెచ్చుకోవాలి. ఒక్కో రాష్ట్రానిది ఒక్కో పద్ధతి కాబట్టి మీ రాష్ట్ర ఫార్మసీ బోర్డు నిబంధనలు మీరే చదవండి, ఇల్లు మారే ఆలోచన ఉంటే వెళ్లబోయే రాష్ట్రానివి కూడా.

జీతం గురించి దాపరికం వద్దు. అమెరికా కార్మిక గణాంకాల ప్రకారం 2023 మేలో టెక్నీషియన్ల మధ్యస్థ వార్షిక వేతనం 40,300 డాలర్లు. సాఫ్ట్‌వేర్ జీతాలతో పోల్చుకుంటే చిన్నదే. కానీ ఇది మీ పేరున వచ్చే జీతం, మీ సొంత వృత్తి, ఏ ఊరెళ్లినా మందుల షాపు ఉంటుంది. హాస్పిటళ్లు రిటైల్ షాపుల కన్నా ఎక్కువిస్తాయి. రిటైల్‌లో రోజంతా నిలబడాలి, ఫ్లూ టీకాల కాలంలో నీళ్లు తాగే తీరిక ఉండదు. అయినా నా సలహా, మొదటి ఏడాది రిటైల్‌లోనే చేయండి. మనుషులతో మాట్లాడటం, ఇన్సూరెన్స్, వేగం, మూడూ అక్కడే వస్తాయి. ఆ తర్వాత హాస్పిటల్‌కు మారితే శుభ్రగది పని నిదానంగా నేర్చుకోవచ్చు. ఎక్స్‌టర్న్‌షిప్ చేసిన చోటే ఉద్యోగం అడగడానికి మొహమాటపడకండి. మీ పని వాళ్లు కళ్లారా చూశారు, కొత్తవాళ్లకు నేర్పడం కన్నా మిమ్మల్ని తీసుకోవడం వాళ్లకూ సుళువు.

సర్టిఫికెట్‌ను రెండేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి. దానికి 20 గంటల చదువు చూపించాలి, అందులో చట్టం మీదా, రోగి భద్రత మీదా గంటలు ఉండి తీరాలి. దీన్ని చివరి నెలకు వాయిదా వేయకండి. మొదటి నెల నుంచే నెలకో గంట చొప్పున చదివి, పూర్తిచేసిన పత్రాలన్నీ ఒకే ఫోల్డర్‌లో దాచుకుంటే, పిల్లల పరీక్షల కాలంలో ఈ భారం మీ నెత్తిన పడదు.